గర్భవిచ్ఛిత్తి: చట్టభాష, ఇంటిభాష, లోకాపవాదం

భారతదేశంలో గర్భవిచ్ఛిత్తి పెద్ద వివాదాంశం కాదనే మాట సామాజికశాస్త్ర చర్చల్లో తరచుగా వినిపిస్తుంది. అమెరికాలో 1973 నాటి రో వర్సెస్ వేడ్ తీర్పు చుట్టూ అర్ధశతాబ్దం పాటు ఎన్నికల రాజకీయం నడిచింది. 2022 జూన్‌లో వచ్చిన డాబ్స్ తీర్పుతో ఆ హక్కు అక్కడ రాజ్యాంగ రక్షణను కోల్పోయింది. భారత పార్లమెంటు మాత్రం రో తీర్పుకన్నా రెండేళ్ళు ముందుగా, 1971లోనే, గర్భవిచ్ఛిత్తిని షరతులతో అనుమతిస్తూ చట్టం చేసింది. దాన్ని రద్దు చేయాలని కోరిన ప్రధాన రాజకీయ పక్షం ఏదీ లేదు. ఈ పోలికను చూపి భారతీయ సమాజం ఈ విషయంలో ఉదారమైనదని తేల్చేవారు నిశ్శబ్దాన్ని అంగీకారంగా చదువుతున్నారు. తెలుగువారి ఇళ్ళలో ఈ విషయాన్ని చెప్పుకునే తీరును, చట్టం దాన్ని చెప్పిన తీరును పక్కపక్కన పెట్టి పరిశీలిస్తే వేరొక చిత్రం కనిపిస్తుంది. లోకం ఇక్కడ గర్భవిచ్ఛిత్తిని సహించింది. ఆ నిర్ణయానికి స్త్రీ కర్త కావడాన్ని మాత్రం సహించలేదు. చట్టం ఈ వైఖరిని ఎదిరించలేదు సరికదా, దానితో సర్దుకొని తన వాక్యాలను నిర్మించుకుంది.

మూడు వాక్యాలు

వాడుక తెలుగులో ‘కడుపు’ అనే మాట జీర్ణాశయాన్ని, గర్భాశయాన్ని, గర్భాన్ని, సంతానాన్ని కూడా సూచిస్తుంది. ‘కడుపు చల్లగా’ అన్న దీవెనలోనూ, ‘కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది’ అన్న సామెతలోనూ ఉన్నది ఈ మాటే. ఇంటి గుట్టు బయటపెడితే తనకే నష్టమని చెప్పే ఆ సామెత రహస్యానికి స్థానంగా కడుపునే ఎంచుకోవడం గమనించదగినది.

గర్భం నిలవకపోవడాన్ని, తొలగించడాన్ని చెప్పే వాక్యాలు ప్రధానంగా మూడు: ‘ఆమెకు కడుపు పోయింది’, ‘ఆమెకు కడుపు తీయించారు’, ‘ఆమె కడుపు తీయించుకుంది’. మొదటిది అకర్మక వాక్యం. ఇందులో కర్త గర్భమే. స్త్రీ షష్ఠీ విభక్తిలో, నష్టానికి గురైన వ్యక్తిగా నిలుస్తుంది. ఇక్కడ సానుభూతికి అడ్డు లేదు. రెండో వాక్యంలో ప్రేరణార్థకం ఉంది గాని కర్త లుప్తం. ఆ బహువచనంలో అత్తగారు, భర్త, పుట్టింటి పెద్దలు, ఎవరైనా ఒదగవచ్చు. లోకం ఈ వాక్యాన్ని విని తల పంకిస్తుంది. ఆరోగ్యమో, పేదరికమో, ఎడం చాలకపోవడమో ఏదో కారణం ఉండి ఉంటుందనుకుంటుంది. మూడో వాక్యంలో ప్రేరణార్థకానికి ‘కొను’ చేరింది. చర్య ఫలం కర్తకే చెందుతుందని తెలిపే ఈ సహాయక్రియ ‘వండుకుంది’, ‘కుట్టించుకుంది’ వంటి చోట్ల ఏ మచ్చా మోయదు. ‘కడుపు తీయించుకుంది’ అన్నప్పుడు మాత్రం అదే వాక్యం అభియోగపత్రంలా వినిపిస్తుంది. వైద్యురాలు, మందు, వారాల లెక్క మూడింటా ఒకటే కావచ్చు. మారింది కర్తృత్వం ఒక్కటే.

అందుకే స్త్రీలు తమ అనుభవాన్ని తామే చెప్పవలసి వచ్చినప్పుడు మొదటి వాక్యంలోకి తప్పుకోవడం సాధారణం. ‘పోయింది’, ‘నిలవలేదు’ అనే మాటల వెనుక ఎన్ని ‘తీయించుకున్న’ సందర్భాలు ఉన్నాయో లెక్కించడం ఏ సర్వేకూ సాధ్యం కాదు. ఆసుపత్రి ఆవరణలో పుట్టిన ‘క్లీనింగ్ చేయించుకుంది’ అనే ప్రయోగం మరొక చాటు. అది వినడానికి మర్యాదగానే ఉంటుంది. శుభ్రం చేయవలసి వచ్చిందంటే మలినం ఉందనే అర్థం మాత్రం దానిలో మిగిలే ఉంటుంది.

కళంకాన్ని గురించి ఎర్వింగ్ గోఫ్‌మన్ 1963లో చేసిన విభజన ఇక్కడ ఉపకరిస్తుంది. ఇప్పటికే బయటపడి అపకీర్తి పాలైనవారు వేరు, బయటపడితే అపకీర్తి పాలయ్యేవారు వేరు. రెండో వర్గం వారి జీవితమంతా సమాచారాన్ని కాచుకోవడంతో గడుస్తుంది. గర్భవిచ్ఛిత్తి ఈ రెండో రకానికి చెందినది. అనురాధా కుమార్, ఆమె సహరచయితలు 2009లో వెలువరించిన వ్యాసం ఈ పరిస్థితిలోని విషవలయాన్ని వివరించింది. ఎవరూ చెప్పరు కనుక అది అరుదైనదిగా తోస్తుంది. అరుదైనది కనుక వికృతమైనదిగా తోస్తుంది. వికృతమైనది కనుక ఎవరూ చెప్పరు. 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం 2015లో భారతదేశంలో సుమారు 1 కోటి 56 లక్షల గర్భవిచ్ఛిత్తులు జరిగాయని, వాటిలో 73 శాతం వైద్య కేంద్రాల వెలుపల మాత్రలతో జరిగినవని అంచనా వేసింది. చట్టం వచ్చి నలభైయేళ్ళు దాటాక కూడా ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు చట్టం చూపిన గుమ్మం తొక్కలేదన్నమాట. దూరం, ఖర్చు, వైద్యుల కొరత ఇందుకు కారణాలే. మాత్రను చాటుగా మింగవచ్చు, ఆసుపత్రి గుమ్మం చాటుగా ఎక్కలేరు అన్నది కూడా కారణమే.

శబ్దాల వెనుక ధర్మం

గర్భస్రావం, గర్భపాతం, భ్రూణహత్య అనే మూడు సంస్కృత పదాలను పత్రికాభాష ఈనాడు పర్యాయపదాల్లా వాడుతోంది. అవి పర్యాయపదాలు కావు. ఆయుర్వేద గ్రంథాలలో స్రావం, పాతం అనేవి కాలాన్ని బట్టి వచ్చిన పేర్లు. నాలుగో నెల వరకు ద్రవరూపంలో పోయేది స్రావం. శరీరం గట్టిపడ్డాక అయిదారు నెలల్లో జరిగేది పాతం. ఎవరు చేశారు, ఎందుకు చేశారు అనే ప్రశ్న ఆ విభాగంలో లేదు. ‘హత్య’ ధర్మశాస్త్రం నుంచి వచ్చింది.

ధర్మశాస్త్రం సైతం ఈనాటి వాదకులు అనుకునేంత సూటిగా పిండం ప్రాణం గురించి మాట్లాడలేదు. భ్రూణ శబ్దానికి వేదవేదాంగాలు నేర్చిన బ్రాహ్మణుడనే అర్థం చెప్పిన వ్యాఖ్యాతలు ఉన్నారు. గౌతమ ధర్మసూత్రం స్త్రీకి పతనహేతువులు చెబుతూ భ్రూణహననాన్ని హీనవర్ణ పురుషునితో సంబంధం పక్కన పెట్టింది. యాజ్ఞవల్క్యస్మృతి వీటికి భర్తను హింసించడాన్ని జతచేసింది. మనుస్మృతి ఉదకక్రియకు అర్హత లేని స్త్రీలను పేర్కొంటూ గర్భద్రోహాన్ని, భర్తృద్రోహాన్ని ఒకే చోట చెప్పింది. ఈ మూడు చోట్లా గర్భం ఏ జాబితాలో చేరిందో చూడాలి. వర్ణశుద్ధి, భర్త అధికారం, వంశక్రమం: ఆ జాబితా రక్షించదలచుకున్నవి ఇవి. కనుక ‘మన సంప్రదాయం పిండాన్ని ప్రాణంగా పూజించింది’ అనే వాదాన్ని ఆధారంగా చూపేవారు ఆ జాబితాలోని మిగతా పతనహేతువులను కూడా ఈనాడు అంగీకరించగలరా అనే ప్రశ్నకు సమాధానం చెప్పవలసి ఉంటుంది. వ్యక్తిగత విశ్వాసం అనుకుంటున్నది చాలా సందర్భాలలో వంశాభిమానానికి వేసిన భక్తివేషం.

పందొమ్మిదో శతాబ్ది సంస్కర్తలు ఈ శబ్దాన్ని తిరస్కరించలేదు. దాన్నే ఆయుధంగా మలచుకున్నారు. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు 1855లో వితంతు పునర్వివాహాన్ని సమర్థిస్తూ, దాన్ని నిషేధించడం వల్ల వ్యభిచారం, భ్రూణహత్య పెరుగుతున్నాయని వాదించాడు. జోతీరావు ఫూలే 1863లో పుణెలో గర్భిణులైన వితంతువులకు ఆశ్రయం తెరిచాడు. 1881లో సూరత్‌లో విజయలక్ష్మి అనే యువ వితంతువుకు శిశుహత్య నేరంపై మరణశిక్ష పడితే (పై న్యాయస్థానంలో అది తగ్గింది), ఆ తర్వాతి చర్చలో స్త్రీలనే నిందించడాన్ని ఎదిరిస్తూ తారాబాయి షిండే 1882లో ‘స్త్రీ పురుష తులన’ రాసింది. సూరత్ ఉదంతం జరిగిన ఏడాదే, డిసెంబర్ 11న, కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించాడు.

వీరిలో తారాబాయి ఒక్కతే వేరుగా నిలుస్తుంది. తక్కిన సంస్కరణ వాదానికి పాపభయం మూలధనం. వితంతువుకు పెళ్ళి చేయండి, లేకపోతే పాపం చేస్తుంది అన్నది దాని తర్కం. అది పనిచేసింది కూడా. సంప్రదాయవాదిని అతని భాషలోనే ఒప్పించవలసిన కాలం అది. ఆ తర్కంలో స్త్రీ నివారించవలసిన ప్రమాదంగానే మిగిలిందనేది దానికి చెల్లించిన మూల్యం. గురజాడ ఈ ఊబిలో దిగలేదు. 1909 నాటి ‘కన్యాశుల్కం’లో వితంతువు మీనాక్షికి రామప్పంతులుతో ఉన్న సంబంధం అందరికీ తెలిసిన గుట్టు. ఆ నాటకలోకంలో అపవాదు చేసిన పనిని బట్టి రాదు, ఎవరి నోట ఎప్పుడు బయటపడిందన్న దాన్ని బట్టి వస్తుంది. ‘పాపం’ గురించి సంస్కర్తలు రాసిన పుటలకన్నా ఈ గ్రహింపు కళంకం స్వభావాన్ని బాగా పట్టుకుంది.

చట్టంలో కర్త ఎవరు?

1860 నాటి భారత శిక్షాస్మృతి 312వ సెక్షన్ గర్భస్రావం కలిగించినవారిని శిక్షిస్తూ, తనకు తాను గర్భస్రావం కలిగించుకున్న స్త్రీ కూడా ఆ సెక్షన్ పరిధిలోకి వస్తుందని వివరణలో చెప్పింది. స్త్రీ కర్తగా స్పష్టంగా నిలిచింది అక్కడే, నేరస్థురాలిగా. ఈ నిబంధన రద్దు కాలేదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలో 88వ సెక్షన్‌గా కొనసాగుతోంది. 1971 చట్టం ఆ నేరానికి మినహాయింపు మాత్రమే.

1964లో నియమితమైన శాంతిలాల్ షా కమిటీ 1966లో ఇచ్చిన నివేదిక ఈ చట్టానికి పునాది. నాటువైద్యం వల్ల కలిగే మరణాలు దాని ముందున్న వాస్తవం. జనాభా ఆందోళన ఆ కాలపు గాలిలోనే ఉంది. బిల్లుకు జోడించిన ఉద్దేశ ప్రకటన ఈ అధ్యయనానికి అత్యంత విలువైన పాఠం. పాత కఠిన నిబంధనలను దేశమంతటా విరివిగా ఉల్లంఘిస్తున్నారని చెప్పాక, ఆ ప్రకటన ఇంకొక మాట చేర్చింది: ఇలాంటి తల్లులలో ఎక్కువమంది వివాహితలనీ, గర్భాన్ని దాచుకోవలసిన ప్రత్యేక అవసరం వారికి లేదనీ. ఈ మాట ఎవరిని ఒప్పించడానికి? కళంకం తగలని స్త్రీలే ఎక్కువ కనుక చట్టం సడలించవచ్చునని అది సభకు హామీ ఇస్తోంది. దాచుకోవలసిన అవసరం ఉన్నవారు, అంటే అవివాహిత, వితంతువు, భర్తను విడిచిన స్త్రీ, ఆ వాక్యంలో పేరు లేకుండానే పక్కకు తప్పించబడ్డారు. వీరేశలింగం కాలంలో చర్చకు కేంద్రమైన వితంతువు తొంభైయేళ్ళ తర్వాత చట్టం వాక్యంలో చోటే దక్కించుకోలేదు.

చట్టపాఠం అదే దారిన నడిచింది. మూడో సెక్షన్‌లో క్రియలన్నిటికీ కర్త నమోదిత వైద్యుడు. సద్భావంతో అభిప్రాయపడేది వైద్యుడు, విచ్ఛిత్తి చేసేది వైద్యుడు, నేరం నుంచి రక్షణ పొందేదీ వైద్యుడే. స్త్రీ వంతుకు వచ్చింది సమ్మతి. అత్యాచారం వల్ల గర్భం వస్తే మానసిక వేదన ఉన్నట్టు భావించాలని మొదటి వివరణ చెప్పింది. రెండో వివరణ గర్భనిరోధక సాధనం విఫలమైన సందర్భాన్ని ‘వివాహిత స్త్రీ లేదా ఆమె భర్త’కు, అదీ సంతానసంఖ్యను పరిమితం చేసుకునే ఉద్దేశానికి కట్టిపడేసింది. బాధితురాలికి, గృహిణికి చోటుంది. వద్దని అనుకున్నందువల్ల వద్దన్న స్త్రీకి లేదు. ఇంటిభాషలోని మొదటి రెండు వాక్యాలనే చట్టం సభాభాషలోకి తెచ్చింది. మూడో వాక్యం శిక్షాస్మృతిలో ఉండిపోయింది.

తెలుగులో స్థిరపడిన ‘గర్భవిచ్ఛిత్తి’ అనే పారిభాషికం ఈ నిర్మాణానికి తగినదే. అందులో కర్త జాడ లేదు. ఏదో తెగిపోయిందన్న భావం మాత్రమే ఉంది. (అలంకారశాస్త్రంలో ‘విచ్ఛిత్తి’ అంటే అల్పాలంకారంతో నాయికకు కలిగే శోభ, ఆ అర్థం తెలిసినవారికి ఈ పారిభాషికం కొంత చేదుగా తోచక మానదు.) అయినా ‘హత్య’ నుంచి దూరంగా తేవడంలో ఈ మాట చేసిన మేలు చిన్నది కాదు. ఆ మేలు ఎక్కువకాలం నిలవలేదు.

గోడమీది మాట

1991 జనగణనలో ప్రతి వేయిమంది బాలురకు 945గా ఉన్న ఆరేళ్ళలోపు బాలికల సంఖ్య 2001లో 927కు పడిపోయింది. లింగనిర్ధారణను నిషేధిస్తూ 1994లో చేసిన చట్టాన్ని 2003లో గట్టిపరిచారు. ఆడపిల్లను పుట్టకముందే తొలగించే దురాచారం నిజం. దానికి చట్టం అవసరమన్నదీ నిర్వివాదం. అయితే ఆ చట్టం నిషేధించింది పిండం లింగాన్ని కనుగొనడాన్ని, వెల్లడించడాన్ని. ప్రచారం మాత్రం వెల్లడి దగ్గర ఆగలేదు. ‘భ్రూణహత్య మహాపాపం’ అనే నినాదం ఆసుపత్రి గోడలకు, బస్సుల వెనక్కి, పాఠశాల వ్యాసరచన పోటీలకు ఎక్కింది. ‘ఆడ’ అనే విశేషణం చాలా చోట్ల రాలిపోయింది. రాలిపోని చోట కూడా నిలిచిపోయిన విశేష్యం ‘హత్య’.

ఫలితంగా ప్రభుత్వం ఒక చేత్తో చట్టబద్ధ సేవను అందిస్తూ మరొక చేత్తో దాన్ని హత్యగా వర్ణించింది. గర్భవిచ్ఛిత్తి మొత్తంగా చట్టవిరుద్ధమని నమ్మేవారు చదువుకున్నవారిలోనూ ఎదురవుతారు. తనిఖీల భయంతో సేవనే మానుకున్న వైద్యులు ఉన్నారు. ధర్మశాస్త్ర శబ్దం ఆధునిక రాజ్యం ముద్రతో, అదీ స్త్రీపక్షపు ఉద్యమం పేరుతో, తిరిగి గౌరవం సంపాదించుకుంది. వ్యక్తిగత విశ్వాసం ప్రజాభిప్రాయంగా మారే దారి ఇదేనని చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం. దీనికి కావలసిందల్లా మంచి ఉద్దేశం, చెడ్డ విశేష్యం. లింగవివక్షను వ్యతిరేకించే రచయితలు సైతం ఈ శబ్దాన్ని ఆలోచన లేకుండా వాడుతూ వచ్చారు. ఈ విషయంపై వచ్చిన కవితల్లో పిండం మాట్లాడుతుంది, అమ్మను వేడుకుంటుంది; తల్లి మాత్రం ఎవరి ఒత్తిడికి లోనైందో చెప్పుకునే అవకాశం లేకుండా ముద్దాయిగా నిలబడుతుంది. ఆ ప్రక్రియ ఎంత కన్నీరు తెప్పించినా, కర్త స్థానం నుంచి అత్తింటిని, భర్తను తప్పించడంలో అది లోకాపవాదానికే తోడ్పడింది.

స్టేట్‌మెంట్

ఇందుకు భిన్నమైన మార్గాన్ని తెలుగులో స్త్రీవాద కవిత్వం చూపింది. 1993లో ఓల్గా సంపాదకత్వంలో వచ్చిన ‘నీలిమేఘాలు’ ఆ దశకు గుర్తు. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూం’, పాటిబండ్ల రజని ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ అనే పేర్లు నాటి పాఠకులను ఉలికిపాటుకు గురిచేశాయి. శరీరానుభవాన్ని బాహాటంగా పలకడం అశ్లీలమని దుమారం లేపిన విమర్శకులు ఉన్నారు. వారికి అభ్యంతరమైనది వస్తువు కాదు, వక్త. ప్రసవవేదనను పురుషకవి వర్ణిస్తే అది కరుణరసం.

రజని పెట్టిన శీర్షిక మీదే కొంత ఆగాలి. రెండు ఆంగ్లపదాలు. ‘అబార్షన్’ సంస్కృత శబ్దాలతో పాటు వచ్చే పాపచరిత్రను బయటే వదిలేస్తుంది. ‘స్టేట్‌మెంట్’ ఠాణాలోను, న్యాయస్థానంలోను, ఆసుపత్రి దస్త్రంలోను వినిపించే మాట. ఒప్పుకోలు అనలేదు, విలాపం అనలేదు. వాఙ్మూలం ఇచ్చేవారు ఉత్తమ పురుషలో మాట్లాడాలి. ‘పోయింది’ అని అకర్మకం చాటున నిలబడటం అక్కడ చెల్లదు. ఇంటిభాషలో అభియోగమైన మూడో వాక్యాన్ని కవయిత్రి వాఙ్మూలంగా తీసుకుంది. చట్టం చేయలేని పని శీర్షికలో జరిగింది.

న్యాయస్థానాలు ఆ దిశగా నడవడానికి మరికొంత కాలం పట్టింది. 2009లో సుచితా శ్రీవాస్తవ కేసులో సుప్రీంకోర్టు సంతానం విషయంలో స్త్రీ ఎంపికను వ్యక్తిస్వేచ్ఛలో భాగంగా గుర్తించింది. 2021 సవరణ గర్భనిరోధకం విఫలమైన సందర్భంలో ‘వివాహిత స్త్రీ లేదా ఆమె భర్త’ను తొలగించి ‘స్త్రీ లేదా ఆమె పార్ట్‌నర్’ అని రాసింది. కొన్ని వర్గాలకు గడువును 24 వారాలకు పెంచింది. అయినా 2022లో సంబంధం తెగిపోయిన పాతికేళ్ళ అవివాహిత ఢిల్లీ హైకోర్టుకు వెళితే నిరాకరణ ఎదురైంది. ఆ ఏడాది సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు ఆ తేడాను కొట్టివేసింది. చట్టం ప్రయోజనాన్ని వివాహితలకే పరిమితం చేయడం, పెళ్ళయినవారికే శృంగార జీవితం ఉంటుందనే సంకుచిత భావనను కొనసాగించడమేనని తీర్పు గుర్తించింది. కళంకం సేవకు అడ్డుపడుతుందన్న విషయాన్నీ విస్తారంగా చర్చించింది. ఏడాది తిరిగేసరికి, 2023 అక్టోబర్‌లో, 26 వారాలు దాటిన వివాహిత అభ్యర్థనను అదే న్యాయస్థానం తోసిపుచ్చింది. దానికి ముందు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం చీలిపోయింది. వారాల లెక్కలో న్యాయమైన భేదాభిప్రాయానికి చోటుంది. కాని మానసిక వ్యాకులతను చెప్పుకున్న స్త్రీ మాటకు ఎంత బరువు ఇవ్వాలన్న దగ్గర పాత సందేహమే తిరిగి వచ్చింది.

తీర్పులు ఇలా ఊగుతుండగా, భర్త సంతకం లేనిదే ముట్టుకోమనే ఆసుపత్రులు చట్టం అడగని సమ్మతిని అడుగుతూనే ఉన్నాయి. వయోజన స్త్రీ సమ్మతి ఒక్కటే చాలునన్న నిబంధన 1971 నుంచీ ఉంది. సంతకం గడిని చేర్చింది శాసనకర్త కాదు, లోకం.

2021 సవరణ తెలుగులోకి ఎలా వస్తుందన్నది ఈ సందర్భంలో చిన్న ప్రశ్న కాదు. ‘పార్ట్‌నర్’కు ‘భాగస్వామి’ అంటే వ్యాపారం వాసన వేస్తుంది. స్పష్టత కోసం ముందు ‘జీవిత’ చేర్చగానే ‘జీవిత భాగస్వామి’ అవుతుంది. తెలుగులో ఆ మాటకు భర్త లేదా భార్య అనే అర్థమే రూఢి. పార్లమెంటు యాభైయేళ్ళ తర్వాత తొలగించిన పెళ్ళి అనువాదంలో తిరిగి వచ్చి కూర్చుంటుంది. ‘సహచరుడు’ కొంత మేలు. దానికి వామపక్ష ఉద్యమ సాహిత్యపు ఛాయ ఉన్నా, పెళ్ళి షరతు లేదు. ఆరోగ్య ఉపకేంద్రంలో వేలాడే తెలుగు కరపత్రం ఈ మూడింటిలో దేన్ని ఎంచుకుంటుందన్న దాన్ని బట్టి, దాన్ని చదివే పెళ్ళికాని అమ్మాయి లోపలికి వెళ్ళడమో, మందుల దుకాణం వైపు తిరగడమో ఉంటుంది.